నడవని యంత్రం మీద ఫిర్యాదు

బుధవారం పొద్దున ఇల్లాలు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదింటికి చలికాలం ఇల్లు వెచ్చబెట్టే హాల్లోని పాత ఇనప పొయ్యి బయటికి పోతుంది. పదింటికి కొత్త హీట్ పంప్ బిగింపు పూర్తవుతుంది. పదిన్నరకి ఇల్లు వెచ్చబడుతుంది. పదకొండింటికి తను ఆఫీసులో కుర్చీలో ఉంటుంది. శనివారం రాత్రి నుంచి చలి విరుచుకుపడుతుందని వార్తల్లో చెప్పారు. మూడు రోజులు ముందే పని ముగించుకుంటున్నందుకు ఆవిడ తనను తాను కాస్త మెచ్చుకుంది కూడా.

పొయ్యి పోవడానికి కారణం మామగారి ఛాతీ. పోయిన నెలలో ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చాడు. "ఈయన ఛాతీ, మీ పొయ్యి పొగ ఒకే ఇంట్లో ఉండడానికి వీల్లేదు. అలాగని చలీ తగలకూడదు. ఇంకోసారి మంచం పట్టాడంటే నేను చెయ్యగలిగిందేమీ ఉండదు" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. మామగారు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు బాయిలరు నడిపిన మనిషి. నిప్పు లేకుండా వేడి వస్తుందంటే ఆయన నమ్మలేదు. "బయటి చలిగాలిలోంచి వేడి లాక్కొచ్చి లోపల పోస్తుందట. ఎవరి చెవిలో పెడతార్రా ఈ పువ్వు?" అన్నాడు. పొయ్యిని మనుషులు మోసుకుపోతుంటే గేటు దాకా వెళ్ళి సాగనంపి, దగ్గుకుంటూ లోపలికొచ్చాడు.

హీట్ పంప్ బిగించడానికి వచ్చిన మెకానిక్ ముప్ఫై అయిదేళ్ళ ఆడమనిషి. మాటలు తక్కువ, స్క్రూలు బిగించడం ఎక్కువ. పెరటి గోడ పక్కన సిమెంటు దిమ్మ మీద బయటి పెట్టెను కూర్చోబెట్టింది. నాలుగు వైపులా ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలిచింది. రాగి గొట్టాల అతుకుల మీద సబ్బు నురగ రాసి, బుడగలు వస్తాయేమోనని పావుగంట కళ్ళార్పకుండా చూసింది. అంతా అయ్యాక పెరటి గోడకి బిగించిన స్విచ్ ఎర్ర పిడిని పైకెత్తింది.

"ఇక స్టార్ట్ చేసెయ్యి" అంది ఇల్లాలు, చేతి గడియారం చూసుకుంటూ.

"రేపు చేస్తాను మేడమ్. ఇదే టైముకి."

"రేపేంటి? స్విచ్ వేశావుగా?"

"కరెంటు ఇచ్చానంతే, యంత్రం తిరగట్లేదు. కంప్రెసర్ అడుగున నూనె ఉంటుంది. చలికి గ్యాసొచ్చి ఆ నూనెలో కలిసిపోతుంది. కింద చిన్న హీటరుంది, అది ఇరవై నాలుగు గంటలు నూనెని వెచ్చబెడితే గ్యాసు విడిపోతుంది. ఈలోపు తిప్పామా, నూనె నురగై పోయి లోపల విరిగి చేతికొస్తుంది. విరిగితే కొత్తది రావడానికి ఆరు వారాలు."

"ఆరు వారాలా?"

"అందుకే చెప్తున్నా. ఈ ఎర్ర పిడి ఎవరూ ముట్టుకోవద్దు. ఒక్క గంట ఆగినా లెక్క మళ్ళీ మొదటికే. ఎన్ని గంటలైందో ఈ చిన్న తెర మీద పడుతుంది. నాకు అబద్ధం చెప్పినా అది చెప్పదు."

ఇల్లాలు హాల్లోకి వచ్చి మొగుణ్ణీ మామగారినీ నిలబెట్టి ఆజ్ఞ జారీ చేసింది. ఎర్ర పిడి ముట్టుకున్నవాళ్ళు ఆ పూట నుంచి తమ వంట తామే చేసుకోవాలి. ఆవిడ నగర కార్యాలయంలో ఫిర్యాదుల విభాగానికి సూపరింటెండెంటు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊరందరి కోపాన్నీ చిరునవ్వుతో వినడం ఆవిడ ఉద్యోగం. తన కోపాన్ని మాత్రం దారిలో ఎక్కడా చిందకుండా భద్రంగా ఇంటికి తెచ్చుకుంటుంది.

"సరే" అన్నాడు మొగుడు.

ఆ మాటకి ఆవిడ గుండె గుభేలుమని ఉండాల్సింది. ఆయన ఇంట్లో కూర్చుని భవనాల ప్లాన్లు గీస్తుంటాడు. జీవితంలో ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. వీధిలో అందరూ ఆయన్ని సరేగారు అంటారు, ఆ పిలుపుకి కూడా ఆయన సరే అన్నాడు.

గురువారం పదింటికి మెకానిక్ వచ్చి పెట్టె మూత తెరిచింది. తెర చీకటిగా ఉంది. ఎర్ర పిడి కిందికి వాలి ఉంది.

"ఎవరు?" అంది ఇల్లాలు. ఆ ఒక్క మాటకి వంటింటి గుమ్మంలో పిల్లి లేచి వెళ్ళిపోయింది.

"అంటే, నిన్న సాయంత్రం హెడ్మాస్టారొచ్చారు" అన్నాడు సరేగారు.

హెడ్మాస్టారు పక్కింటాయన. రిటైరై ఆరేళ్ళయినా ఎవరు ఎదురొచ్చినా గోళ్ళు కత్తిరించుకున్నారో లేదో చూస్తాడు. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి అటు ఆయన పడక, ఇటు మామగారి గది.

"వచ్చి?"

"మధ్యాన్నం నుంచి మన యంత్రం గుర్రుమంటోందట, పడుకోలేకపోయారట. రాత్రికి కాస్త ఆపమన్నారు."

"ఏ యంత్రం?"

"ఇదే."

"ఇది నడవట్లేదుగా?"

"నడవట్లేదు."

"నడవని యంత్రం ఎలా గుర్రుమంటుందండీ?"

"నేనూ అదే అనుకున్నాను. కానీ ఆయన నోట్‌బుక్ చూపించారు. టైములు కూడా రాసుకున్నారు. పెద్దాయన, పుస్తకం చేత్తో పట్టుకుని నిలబడితే ఎలా కాదంటాం? ఆపాను. పొద్దున్నే వేద్దామనుకుని మర్చిపోయాను."

ఆవిడ నోటికి ఆ క్షణంలో వచ్చిన మాటలన్నీ వస్తే పెళ్ళయిన ఇరవై రెండేళ్ళూ ఖర్చయిపోయేవి. పళ్ళు కొరికి మింగేసింది. మెకానిక్ ఏమీ అనకుండా పిడి పైకెత్తి, "రేపు పదికి" అని సంచీ భుజాన వేసుకుంది. ఏమీ అనకపోవడం ఆవిణ్ణి ఇంకా మండించింది.

మింగిన మాటలు ఎక్కడో ఒకచోట కక్కాలి. ఇల్లాలు నేరుగా పెరటి గోడ దగ్గరికెళ్ళి పిలిచింది.

"మాస్టారూ, మా యంత్రం గుర్రుమంటోందా?"

హెడ్మాస్టారు అటువైపు నుంచి నోట్‌బుక్‌తోనే లేచాడు. "మధ్యాహ్నం రెండూ పది, మొదలు. మూడు గంటల అయిదు, సమాప్తం. రాత్రి పదకొండూ పది, మొదలు. మధ్యమధ్య ఈల కూడా వేస్తోందమ్మా. ఈల ఎందుకెయ్యాలి?"

"రాత్రి పదకొండుకి దానికి కరెంటే లేదు. మీ మాట విని మా ఆయన ఆపేశాడు."

"మీ ఆయన ఆపానన్నాడు. నా చెవులు ఆగలేదంటున్నాయి. ఎవర్ని నమ్మాలి?"

"మీ చెవుల్ని డాక్టరుకి చూపించుకోండి."

"ముప్ఫై నాలుగేళ్ళు వెనక బెంచీ గుసగుసలు పట్టుకున్న చెవులివి."

"అయితే ఫిర్యాదు రాసుకోండి మాస్టారూ. పుస్తకం ఉంది, పెన్నుంది, కావలసినంత తీరికుంది. ఎవరికిచ్చుకుంటారో ఇచ్చుకోండి" అంది ఇల్లాలు. ఆ మాటన్నాక ఒంట్లో సగం భారం దిగినట్టయింది. కోపంలో ఇచ్చిన సలహాలు ఎదుటివాళ్ళు పాటించరన్న ధీమాతో ఆవిడ ఆఫీసుకి వెళ్ళిపోయింది.

ఆవిడ అటు వెళ్ళగానే సరేగారు రెండు వైపులా శాంతి నెలకొల్పడానికి పూనుకున్నాడు. పిడి ముట్టుకోకూడదు, మాస్టారికి చప్పుడు వినపడకూడదు. అటక మీంచి పాత పరుపు దించి, బయటి పెట్టె చుట్టూ చుట్టి, తాడుతో కట్టాడు. ఊపిరి పీల్చి వదలాల్సిన యంత్రానికి ముక్కూ నోరూ మూసి, మహా ఉపకారం చేసినట్టు చేతులు దులుపుకున్నాడు.

సాయంత్రం ఇల్లాలు వచ్చేసరికి మామగారు గదిలో లేడు. పెరట్లో పరుపు కట్టిన పెట్టె పక్కన కుర్చీ వేసుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, ఎర్ర పిడి వంక చూస్తూ కూర్చుని ఉన్నాడు. పెదాలు నీలం తిరిగాయి.

"మావయ్యగారూ! ఎప్పటినుంచి ఇక్కడ?"

"నువ్వెళ్ళినప్పట్నుంచి. మా వాడు ఎవడొచ్చి అడిగినా ఆపేస్తాడని కాపలా కూర్చున్నానమ్మాయ్. అయినా కరెంటిచ్చిన యంత్రాన్ని ఒంటరిగా వదిలెయ్యడం నేనెక్కడా చూళ్ళేదు. మా బాయిలరు దగ్గర షిఫ్టు మారేవాడొచ్చేదాకా కాలు కదిపేవాళ్ళం కాదు."

"ఈ యంత్రం కొన్నదే మీకు చలి తగలకూడదని కదా! దీనికి కాపలా అని చలిలో కూర్చుంటారా?"

"మరి ఎవరు కూర్చుంటారు? నువ్వా ఆఫీసుకి పోతావు. వాడా సరే అంటాడు."

ఆయన మాటలో తప్పు దొరక్కపోవడంతో ఆవిడకి ఇంకా కోపమొచ్చింది. రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయి, మూడు దుప్పట్లు కప్పి, వేడినీళ్ళ సంచి పాదాల దగ్గర పెట్టింది. చీకటి పడి చూపు ఆనని హడావుడిలో పరుపు ఆవిడ కంట పడలేదు. ఎర్ర పిడి పైకే ఉంది, అది చాలనుకుంది. ఆ రాత్రి ఆయన దగ్గు ఎక్కువైందని పొద్దున సరేగారు చెప్పాడు. మరీ ఎక్కువేం కాదనీ, తెల్లవార్లూ మాత్రమేననీ చెప్పాడు.

శుక్రవారం ఆవిడ తొమ్మిదిన్నరకి ఆఫీసులో కూర్చుంది. ఇంటి దగ్గర పదింటికి ఇరవై నాలుగు గంటలూ పూర్తవుతాయి, మెకానిక్ వస్తుంది. తొమ్మిదీ నలభై ఎనిమిదికి గుమాస్తా ఆ రోజు మొదటి ఫిర్యాదు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్ర సిరాతో కింద గీతలు. నాలుగు పేజీల పట్టికలో మొదలు, సమాప్తం, ఈలల సంఖ్య. రాత్రి కొత్తగా "దగ్గు వంటి శబ్దం" అన్న గడి కూడా చేర్చారు. చివర్లో చిరునామా దగ్గర ఆవిడ సొంత ఇంటి నంబరు.

"పెద్దాయన తలుపులు తియ్యకముందే వచ్చి నిలబడ్డారు మేడమ్. ఫారంలో ఒక్క తప్పు లేదు. మనవాళ్ళకి చూపించి నేర్పించొచ్చు" అన్నాడు గుమాస్తా.

ఆవిడకి తల తిరగడానికి కారణం ఫిర్యాదు కాదు, తొమ్మిదో నిబంధన. శబ్దం గురించి ఫిర్యాదు అందిన నిమిషం నుంచి అధికారి వచ్చి కొలిచేదాకా ఆ యంత్రానికి కరెంటు పూర్తిగా ఆపి ఉంచాలి. కొలిచేటప్పుడు మాత్రమే, అధికారి ఎదుట నడపాలి. పిండి మరల వాళ్ళూ, లేతు మిషన్ల వాళ్ళూ ఫిర్యాదు వచ్చాక కూడా నెలల తరబడి తిప్పుకుంటున్నారని, మూడేళ్ళు పైవాళ్ళతో పోట్లాడి ఆ నిబంధన తెప్పించింది ఎవరో కాదు, ఆవిడే. అందులోని ప్రతి కామా ఆవిడ చేతిదే. ఆఫీసులో ఆవిడ చాటున ఆవిణ్ణి "తొమ్మిది" అంటారు.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "సోమవారం అందినట్టు ముద్ర వేసెయ్యమంటారా మేడమ్?"

ఆవిడ అతని వైపు చూసింది. సరిగ్గా ఆ పని చేసినందుకే పోయిన నెలలో ఒకతన్ని రికార్డు గదిలోకి మార్పించింది. ఇప్పటికీ అతను దుమ్ముకి తుమ్ముతూ ఉంటే ఇక్కడిదాకా వినిపిస్తుంది. గోడ అవతల అతను అప్పుడే ఒకసారి తుమ్మాడు.

ఆవిడ ఇంటికి ఫోన్ చేసింది.

"పిడి దించెయ్యండి."

"ఏ పిడి?" అన్నాడు సరేగారు.

"ఎర్రది."

"మెకానిక్ వచ్చేసింది. పరుపు ఎవరు కట్టారని నా మీద కేకలేస్తోంది. మరో పది నిమిషాల్లో..."

"పరుపేంటి? సరే, దాని సంగతి ఇంటికొచ్చి చూస్తా. దించండి. తొమ్మిదో నిబంధనలో పది నిమిషాలు లేవు."

"నువ్వేగా ముట్టుకుంటే వంట చేసుకోవాలన్నావు?"

"దించమంటున్నానా?"

"సరే."

ఫోన్లోంచి ముందు ఖట్ మన్న చప్పుడు, ఆ వెంటనే మెకానిక్ గొంతు వినిపించాయి. రెండు రోజులుగా దాచిపెట్టిన మాటలన్నీ ఆమె ఒక్కసారే ఖర్చుపెట్టింది. "ఇరవై మూడు గంటల యాభై రెండు నిమిషాలు! ఇప్పుడే తెర మీద చూశాను! ఇంకెనిమిది నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడలేరా? మీ ఇంట్లో ఎవరికైనా లెక్కలొచ్చా? కంప్రెసర్‌కి పరుపు కట్టేవాళ్ళని నా జన్మలో చూళ్ళేదు." ఇల్లాలు ఫోన్ పెట్టేసి, ఫిర్యాదు మీద సంతకం పెట్టింది. నిబు వంగిపోయింది.

శనివారం మధ్యాహ్నం రెండింటికి శబ్దం కొలిచే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రావాల్సిన వాళ్ళెవరని సరేగారిని అడిగితే, ఆయన అందరినీ రమ్మన్నాడు. పెరట్లో ఇల్లాలు, సరేగారు, మెకానిక్, హెడ్మాస్టారు నిలబడ్డారు. మామగారు భోంచేసి గదిలోకి వెళ్ళాడు. ఉత్తరం నుంచి గాలి అప్పుడే కత్తుల్లా మొదలైంది. ఇల్లాలి చెవుల్లో డాక్టరు మాటలు తిరుగుతున్నాయి. రాత్రి కాబోతోంది, ఇల్లు బండరాయిలా చల్లబడి ఉంది, ఇదంతా ఎవరి మూలంగానని వెతికితే వరసగా అందరూ కనిపించారు. చివర్లో తనూ కనిపించింది.

"యంత్రం నడపండి, కొలుస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు, కొలిచే పరికరం తీస్తూ.

"నడపను. ఒక రోజు కరెంటు ఇచ్చాకే" అంది మెకానిక్.

"కొలిచేదాకా కరెంటివ్వకూడదు. తొమ్మిదో నిబంధన."

"అయితే కొలవకండి."

"కొలవకపోతే కరెంటివ్వకూడదు."

"కరెంటివ్వకపోతే నడపను. విరిగితే ఆరు వారాలు ఎవరు కూర్చుని ఊదుతారు ఈ ఇంట్లో?"

ఇన్‌స్పెక్టరు ఇల్లాలి వైపు తిరిగాడు. "మేడమ్, ఇలాంటిదొస్తే ఏం చెయ్యాలని రాశారు?"

"రాయలేదు" అంది ఆవిడ.

"ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు జవాబు ఉందో లేదో చూసుకోవాలమ్మా" అన్నాడు హెడ్మాస్టారు.

"మీరు మాట్లాడకండి మాస్టారూ. మీ చెవుల మూలంగా ఒక ముసలాయన..."

"ష్!" అన్నాడు హెడ్మాస్టారు. నోట్‌బుక్ తెరిచి గడియారం చూశాడు. "రెండూ పది. వినండి. ఇంత మంది ముందే నడుపుతున్నారు."

అందరూ విన్నారు. నిజంగానే ఎక్కడో గుర్రుమంటోంది. లోతుగా, బరువుగా, లయ తప్పకుండా. ఆఖర్న సన్నటి ఈల. అందరూ ఒకేసారి ఎర్ర పిడి వైపు చూశారు. అది కిందికే వాలి ఉంది. మెకానిక్ వెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసింది. "మంచుగడ్డలా ఉంది. ఇది కాదు."

ఇన్‌స్పెక్టరు పరికరం చేత్తో పట్టుకుని చప్పుడు వచ్చే దారిన నడిచాడు. వెనకే మిగతా అందరూ. వంటింట్లో అంకె కొంచెం పెరిగింది. నడవలో ఇంకొంచెం పెరిగింది. నడవ చివరి గది ముందు పరికరం కీచుమంది. ఇల్లాలు తలుపు తోసింది.

మూడు దుప్పట్ల కింద, మఫ్లరు చుట్టుకుని, గోడకి ఆనుకుని మామగారు నిద్రపోతున్నాడు. ఊపిరి లోపలికి పోయేటప్పుడు ఛాతీ గుర్రుమంటోంది. బయటికొచ్చేటప్పుడు ఈల వేస్తోంది. రెంటికీ మధ్య కాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోట గుమ్మంలో నిలబడ్డవాళ్ళందరూ తమ ఊపిరి కూడా బిగబట్టారు.

ఇన్నేళ్ళూ హాల్లో పొయ్యికి బిగించిన గాలి పంకా రాత్రింబవళ్ళు హోరెత్తేది. ఆ హోరులో ఇది ఎవరికీ వినపడలేదు, ఇదే ఇంట్లో ఉన్న ఆవిడకి కూడా. బుధవారం పొయ్యి వెళ్ళిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైంది. గోడకి అవతల వినే మనిషి ఒకడున్నాడు. నాలుగు రోజులుగా భద్రంగా దాచుకున్న కోపం కోసం ఇల్లాలు వెతుక్కుంది. ఒక్క నిమిషం పాటు అది ఎక్కడా దొరకలేదు.

హెడ్మాస్టారు నోట్‌బుక్ మెల్లిగా మూశాడు. "నేను ఈలలు లెక్కపెట్టానమ్మా" అన్నాడు. "రాత్రి రాత్రికీ పెరుగుతున్నాయి."

ఇన్‌స్పెక్టరు మర్యాదగా దగ్గాడు. "మేడమ్, శబ్దానికి మూలం అని గడి ఉంది. ఏం రాయమంటారు?"

"బాయిలరు అని రాసుకో" అన్నాడు మామగారు, కళ్ళు తెరవకుండానే. "ముప్ఫై ఏళ్ళు నడిపాను. ఇప్పుడు నన్నే నడుపుతున్నారు. ఇంతమందీ ఎందుకొచ్చారర్రా, తనిఖీయా?"

"కొలిచేదాకా మూలాన్ని ఆపి ఉంచాలని నిబంధన" అన్నాడు ఇన్‌స్పెక్టరు, అలవాటు కొద్దీ.

"కొలిచేశారుగా!" అంది ఇల్లాలు. పోయిన కోపం అంతా ఒక్క అంగలో తిరిగొచ్చింది. "ఆ యంత్రానిది కాదని తేలిందా లేదా? తేలిందని రాసి సంతకం పెట్టండి. ఏవండీ, పోయి పిడి ఎత్తండి. ఇప్పుడే. ఈసారి దాని మీద ఎవరి చెయ్యి పడినా, నాదైనా సరే, విరిచెయ్యండి."

"సరే" అని సరేగారు పరిగెత్తాడు. పెళ్ళయ్యాక ఆయన పరిగెత్తడం ఆవిడ చూడటం అదే మొదలు.

రెండూ నలభైకి పిడి పైకి లేచింది. అంటే ఆదివారం రెండూ నలభై దాకా ఇల్లు చల్లగానే ఉంటుంది. ఆ రాత్రి సంగతి ఎవరూ పైకి అనకముందే హెడ్మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లో వెచ్చగా ఉంటుంది. ఈ రాత్రికి పెద్దాయన్ని నా గదిలో పడుకోబెడతాను."

"గోడ అడ్డం ఉంటేనే నిద్ర పట్టనివాడివి, పక్కనే పడుకుంటే బతుకుతావా?" అన్నాడు మామగారు.

"చూద్దాం."

"నేను పరాయి ఇంట్లో..."

"సరే మాస్టారూ" అన్నాడు సరేగారు. ఆ మాట సరైన చోట పడిందని ఇల్లాలు మొదటిసారి ఒప్పుకుంది, మనసులోనే.

కాపలా సమస్య కూడా తీరిపోయింది. హెడ్మాస్టారు అప్పట్నుంచి తన కిటికీ దగ్గర కూర్చుని గంటకోసారి నోట్‌బుక్‌లో రాశాడు: నాలుగు గంటలు, పిడి పైకి ఉంది. అయిదు గంటలు, పిడి పైకి ఉంది. ఆరు గంటలు, పిల్లి వచ్చింది, అదిలించాను, పిడి పైకి ఉంది.

ఆదివారం మెకానిక్ వచ్చి తెర చూసి, ఇంట్లోవాళ్ళందరినీ ఒకసారి అనుమానంగా చూసి, మళ్ళీ తెర చూసింది. ఇరవై నాలుగు దాటింది. పెట్టె అడుగున చెయ్యి పెట్టి చూసుకుంది. చుట్టూ పరుపులూ గుడ్డలూ లేవని రెండుసార్లు తిరిగి చూసుకుంది. ఫ్యాను రెక్కని వేలితో మెల్లిగా తిప్పి, నీళ్ళు కారే గొట్టంలోకి ఊది, కాగితం మీద ఒక్కొక్క గీతకీ టిక్కు పెట్టింది. మామగారు ఆమె వెనకే నిలబడి, మెడ చాచి ఆ కాగితం మొత్తం చదివాడు.

"ప్రెషరు చూశావా?"

"చూశాను పెద్దాయనా."

"లీకులు?"

"బుధవారం చూశాను. ఇవాళ మళ్ళీ చూశాను."

"ఎవరు తొందరపెట్టినా వెలిగించలేదు చూడు" అన్నాడు ఆయన కోడలితో, మెకానిక్‌ని చూపిస్తూ. "మా ఫ్యాక్టరీలో ఇలాంటిది ఒకతి ఉండుంటే ఇద్దరు బతికి ఉండేవాళ్ళు."

మెకానిక్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. చేతిలోని రిమోటు ఆయన చేతిలో పెట్టింది. "మీరే నొక్కండి."

మామగారు చెయ్యి చొక్కాకి తుడుచుకుని, అందరినీ రెండడుగులు వెనక్కి జరగమని, నొక్కాడు. అందరూ ఎదురుచూశారు.

"పాడైపోయినట్టుంది" అన్నాడు ఆయన కాసేపాగి. "రాలేదు."

"వచ్చింది. మూడు నిమిషాలైంది" అంది మెకానిక్. ఆయన చెయ్యి పట్టుకుని, హాల్లో గోడ మీద వేడిగాలి వదిలే లోపలి పెట్టె కిందికి తీసుకెళ్ళింది. ఆయన అరచెయ్యి అక్కడ చాలాసేపు ఉంచాడు. తర్వాత రెండో చెయ్యి కూడా పెట్టాడు.

సోమవారం పొద్దున ఏడింటికి తలుపు ధనధనా మోగింది. ఇల్లాలు తీసేసరికి హెడ్మాస్టారు, మఫ్లరు సగం వేలాడుతూ, కళ్ళు ఎర్రగా, నోట్‌బుక్ తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంత కోపంగా ఆయన ఎప్పుడూ లేడు.

"పదకొండూ పది, ఏమీ లేదు. ఒకటీ నలభై, ఏమీ లేదు. నాలుగూ అయిదు, ఏమీ లేదు. రాత్రంతా గోడకి చెవి ఆనించుకుని కూర్చున్నానమ్మా. ఒక్క కునుకు లేదు. గురక లేదు, ఈల లేదు. మనిషి ఉన్నాడో లేడో ఒక్క కబురైనా చెప్పాలన్న ఇంగితం ఉండక్కర్లేదా మీ ఇంట్లో?"

లోపలి నుంచి మామగారి గొంతు వినిపించింది. "ఎవరమ్మాయ్ పొద్దున్నే? ఎన్నాళ్ళకో ఇలా నిద్రపడుతోంది."

హెడ్మాస్టారు నోట్‌బుక్‌లో ఆ టైము రాసుకున్నాడు. మొదటిసారి ఆయన అక్షరాలు వంకరపోయాయి. "దీనికి ఏ ఫారం నింపాలి?" అన్నాడు, ఇంకా కోపంగానే.

ఇల్లాలు తలుపు పూర్తిగా తెరిచి పక్కకి జరిగింది. ఫిర్యాదుదారుడికి టీ ఇవ్వకూడదని తొమ్మిదో నిబంధనలో ఎక్కడా లేదు.